అప్పు సంఘాల పెద్దాయన రైఫైజన్: జీతం ఎవరికి, ఎలా

పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, ఆడిట్ కాగితాలు ముందు పేజీల్లో చదివి ఉంటారు. ఇక ఒక మనిషి జీవితం చెప్పుకుందాం. ఆయన పేరు ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ రైఫైజన్. జర్మనీ దేశం వాడు. చనిపోయి 130 ఏళ్లు దాటింది. పేరు నోరు తిరగదు గానీ, ఆయన చేసిన పని మన ప్రతి సంఘం మీటింగులోనూ ఉంది. ఆస్తి తాకట్టు లేకుండా, ఒకరికొకరు పూచీ ఉండి, సొంత ఊళ్లోనే అప్పు ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని పల్లెటూరి రైతుల మధ్య నిలబెట్టిన మనిషి ఆయన.

ఈ ఏడాది ఆయన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మన వివోఏలకు, సమాఖ్య సిబ్బందికి ఇచ్చే డబ్బు విషయం చాలా గ్రామ సమాఖ్యల్లో చర్చకు వచ్చింది. ఎక్కువ అప్పులు ఇప్పించినవారికి ఎక్కువ ఇవ్వాలని కొందరు అన్నారు. వసూలు బాగా చేసినవారికి ఇవ్వాలని మరికొందరు అన్నారు. ఇదే తగాదా ఆ కాలంలో జర్మనీలోనూ నడిచింది, అదీ చాలా గట్టిగా. అందుకని ఆయన కథ చెబుతూ, ఆ తగాదా దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం.

రైఫైజన్ 1818 మార్చి 30న హామ్ అనే ఊళ్లో పుట్టారు. అది సీగ్ నది ఒడ్డున, వెస్టర్‌వాల్డ్ అనే కొండప్రాంతంలో ఉంది. చలి ఎక్కువ, నేల పలచన, కమతాలు చిన్నవి. తొమ్మిదిమంది పిల్లల్లో ఆయన ఏడోవాడు. తండ్రి కొంతకాలం ఊరికి మేయరుగా చేసి ఆ పదవి పోగొట్టుకున్నాడు. ఇల్లు నడిపింది తల్లి అమాలియే. పెద్ద చదువులకు డబ్బు లేదు. ఊరి పాస్టరుగారే దగ్గర కూర్చోబెట్టుకుని చదువు చెప్పారు. 17 ఏళ్లకు సైన్యంలో, ఫిరంగి దళంలో చేరారు. అక్కడే ఉండిపోయేవారేమో గానీ కంటి జబ్బు పట్టుకుంది. 1843లో సైన్యం వదిలి సర్కారు కొలువులోకి మారారు. ఆ కంటి జబ్బు మాత్రం చివరిదాకా వదల్లేదు.

1845లో వేయర్‌బుష్ అనే ఊళ్ల గుంపుకి మేయరుగా వేశారు. మేయరంటే పెద్ద పట్టణం మేయరు అనుకోవద్దు. చిన్న చిన్న ఊళ్లన్నీ కలిపి చూసుకునే పని, మన మండలాఫీసు లాంటిది. అదే ఏడాది ఎమిలీ స్టార్క్ అనే ఆవిడను పెళ్లి చేసుకున్నారు. వాళ్లకు ఏడుగురు పిల్లలు పుడితే నలుగురే బతికారు.

1846లో పంటలు పోయాయి. బంగాళాదుంప తెగులు యూరప్ అంతా తిరుగుతున్న రోజులవి. ఆ చలికాలం వెస్టర్‌వాల్డ్‌లో తినడానికి రొట్టె లేదు. సర్కారు పిండి పంపింది గానీ, నగదు ఇచ్చినవారికే ఇవ్వాలని షరతు పెట్టింది. ఆకలితో ఉన్నవాడి దగ్గర నగదు ఎక్కడిది? రైఫైజన్ ఆ షరతు పక్కన పెట్టి బీదవారికి అరువు మీద ఇచ్చారు. ఊళ్లో ఉన్నవాళ్లను కూర్చోబెట్టి డబ్బు వేయించి, రొట్టె సంఘం ఒకటి పెట్టారు. ఆ డబ్బుతో ధాన్యం బయటినుంచి తెప్పించి, ఊళ్లోనే రొట్టెల బట్టీ కట్టించారు. బజారు ధరలో దాదాపు సగానికే రొట్టె దొరికింది. పై అధికారులకు ఆయన మీద కోపం వచ్చిందనుకోండి, అది వేరే మాట.

1848లో ఫ్లామర్స్‌ఫెల్డ్‌కు మార్చారు. అక్కడ ఆయన చూసిన సంగతి మనకు కొత్త కాదు. పశువుల వ్యాపారి రైతు కొట్టంలో ఆవును కట్టేస్తాడు. మేపేది, సాకేది రైతు. దూడ వ్యాపారిది, ఆవూ వ్యాపారిదే. అప్పు మాత్రం రైతు పేరున పెరుగుతూ పోతుంది. చివరకు పొలం కూడా పోతుంది. 1849లో ఊళ్లో కలిగినవారిని 60 మందిని కూడగట్టి ఒక సహాయ సంఘం పెట్టారు. వాళ్లంతా ఉమ్మడిగా పూచీ ఉండి డబ్బు తెచ్చారు. ఆ డబ్బుతో ఆవులు కొని రైతులకిచ్చి, ఐదేళ్ల కిస్తీల్లో తీర్చమన్నారు. ఇక్కడ ఒకటి గమనించాలి. పూచీ ఉన్నవాళ్లు కలిగినవాళ్లు, అప్పు తీసుకున్నవాళ్లు లేనివాళ్లు. ఒక సంఘంలో ఇద్దరూ సమానంగా లేరు.

1852లో హెడ్డెస్‌డార్ఫ్‌కు బదిలీ అయింది. అది రైన్ నది ఒడ్డున నాయ్‌వీడ్ పట్టణం పక్కన ఉంది. 1854లో అక్కడ మరో ధర్మ సంఘం పెట్టారు. దిక్కులేని పిల్లల్ని చూడటం, జైలునుంచి వచ్చినవారికి పని చూపించడం, రైతులకు అప్పులివ్వడం, అన్నీ దాని నెత్తినే వేశారు. కొన్నాళ్లకు కలిగినవారికి ఉత్సాహం తగ్గింది. తమకు వచ్చేది ఏమీ లేదు, పోతే మాత్రం తమ ఆస్తి పోతుంది. ఒక్కొక్కరే జారుకున్నారు. ఎంత మంచివారైనా ఊరికే ఎన్నాళ్లు పూచీ ఉంటారు? దానం మీద నిలబడిన సంఘం దాత విసిగిపోతే కూలుతుందని రైఫైజన్‌కు అప్పుడు బాగా అర్థమైంది. 1864లో హెడ్డెస్‌డార్ఫ్ సంఘాన్ని అప్పు సంఘంగా మార్చారు. అప్పు కావాలంటే సభ్యుడిగా చేరాలి. చేరినవాడు మిగతా అందరి అప్పుకీ పూచీ ఉండాలి. మన చిన్న సంఘం పుట్టిన రహస్యం ఇదే.

ఆ సంఘం ఎలా నడిచేదో కాస్త వివరంగా చెబుతాం. సంఘం పరిధి చిన్నది, ఒక ఊరు లేదా ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు. ఎవరు కష్టపడతారో, ఎవరు తాగి ఎగరగొడతారో అందరికీ తెలిసేంత చిన్నది. పూచీకి హద్దు లేదు. సంఘం మునిగితే ప్రతి సభ్యుడి ఇల్లూ పొలమూ బాకీకి వెళ్తాయి. దీనితో ఏమైందంటే, పక్కింటాయన తీసుకున్న అప్పుతో నిజంగా ఎరువు కొన్నాడా, పెళ్లి పందిరి వేశాడా అని అందరూ చూసేవారు. అప్పు ఎవరికి ఇవ్వాలో తేల్చేది కార్యవర్గం. కార్యవర్గాన్ని చూసేది పర్యవేక్షణ కమిటీ. ఈ రెండింట్లో ఎవరికీ జీతం లేదు. లాభం వస్తే పంచుకోవడం లేదు, అది ఎవరూ విడదీయలేని ఉమ్మడి నిధిలోకి పోతుంది. తర్వాత రోజుల్లో చట్టం ఒత్తిడికి వాటాలు పెట్టక తప్పలేదు గానీ, వాటిని వీలైనంత చిన్నవిగానే ఉంచారు.

జీతం ఉన్నది ఒక్కరికే, లెక్కలు రాసి నగదు చూసే మనిషికి. ఆయనకు ఒక మోస్తరు పారితోషికం ఇచ్చేవారు. ఎందుకంటే ఆ పని రోజూ ఉంటుంది, ఊరికే చెయ్యమంటే ఎవరూ చెయ్యరు. కానీ అప్పు ఎవరికి ఇవ్వాలన్న దాంట్లో ఆయనకు ఓటు లేదు. కమిటీ చెప్పినట్టు ఇవ్వడం, తీసుకోవడం, రాయడం, అంతే. అంటే తేల్చేవారికి జీతం లేదు, జీతం తీసుకునేవారు తేల్చరు. ఈ ఒక్క ఏర్పాటులోనే రైఫైజన్ బుర్ర అంతా ఉందని మాకనిపిస్తుంది.

దీనికి ఎదురు నిలిచినవాడు షుల్జె-డెలిచ్. ఆయనా గొప్పవాడే, రైఫైజన్ కన్నా ముందే పట్టణాల్లో చేతిపనులవారికి, చిన్న వ్యాపారులకు అప్పు సంఘాలు పెట్టినవాడు. రైఫైజన్ ఆయన దగ్గర నేర్చుకున్నది కూడా ఉంది. కానీ సంఘం ఒక వ్యాపారం అని షుల్జె మాట. వాటాలు ఉండాలి, వాటాకు లాభం రావాలి, నడిపేవారికి మంచి జీతం ఇచ్చి, వచ్చిన లాభంలో వంతు కూడా ఇవ్వాలి. అప్పుడే తెలివైనవాడు వచ్చి ఒళ్లు వంచి పనిచేస్తాడు. రైఫైజన్‌కు ఇది గిట్టలేదు. లాభంలో వంతు ఉన్నవాడికి అప్పు పెంచాలనే ఉంటుంది, తీసుకునేవాడు తట్టుకోగలడా అన్న చూపు పోతుందని ఆయన భయం. 1870ల్లో ఈ తగాదా పత్రికలకు, పార్లమెంటుకు ఎక్కింది. రైతులకు ఏళ్ల తరబడి గడువు ఇచ్చి అప్పులిస్తే సంఘాలు మునుగుతాయని షుల్జె పక్షం వారు వాదించారు. 1874లో సర్కారు ప్రొఫెసర్లతో ఒక కమిషన్ వేసి రైఫైజన్ సంఘాలను తనిఖీ చేయించింది. నివేదిక మొత్తం మీద ఆయనకు అనుకూలంగానే వచ్చింది.

ఎవరిది ఒప్పు? మేము అనుకునేది ఇది. పట్టణంలో వందల మంది, ఒకరికొకరు తెలియనివారు, రోజూ లావాదేవీలు. అక్కడ పూర్తికాలం మనిషి లేకుండా పని జరగదు, షుల్జె మాట అక్కడ చెల్లింది. పల్లెలో సంగతి వేరు. పల్లెలో సంఘానికి ఉన్న ఆస్తి ఒక్కటే, ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండటం. తేల్చే మనిషి జేబు అప్పు మొత్తంతో ముడిపడితే ఆ తెలిసిన సంగతి కళ్లముందున్నా కనపడదు.

లెక్క కట్టి చూడండి. అప్పు ఇప్పించినందుకు నూటికి రూపాయి అని పెట్టామనుకోండి. లక్ష రూపాయలు ఇప్పిస్తే వెయ్యి రూపాయలు ఆ నెలలోనే చేతికొస్తాయి. ఆ లక్ష తిరిగి వచ్చేది రెండేళ్లకు, మూడేళ్లకు. రాకపోతే వెయ్యి వెనక్కి ఇవ్వమని ఎవరమూ అడగం. బాకీ మాత్రం సంఘంలోని పదిమందీ మోస్తారు. పోనీ, వసూలు మీద ఇద్దామా? అప్పుడు కిస్తీ కట్టలేని అక్క ఇంటిముందు రోజూ పంచాయితీ. జ్వరమొచ్చిందా, కూలి దొరకలేదా అని ఎవరూ అడగరు. ఇది ఊహించి చెప్పడం లేదు. 2010లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ గొడవ ఎలా వచ్చిందో మనలో చాలామందికి గుర్తే. ఒక్క ఇంటి మీద మూడు నాలుగు అప్పులు పడ్డాయి, వారం వారం వసూలు, ఇంటిమీదికి రావడాలు. ఆ సంస్థల్లో కిందిస్థాయి ఉద్యోగులకు ఎన్ని అప్పులు ఇచ్చారు, ఎంత వసూలు చేశారు అన్నదాని మీదే అదనపు డబ్బు వచ్చేది. వచ్చిన పిల్లలు చెడ్డవాళ్లు కారు, వాళ్లూ మనలాంటి ఇళ్లనుంచి వచ్చినవాళ్లే. జీతం లెక్క వాళ్లను అలా తిప్పింది. ఆ ఏడాది అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది.

మళ్లీ రైఫైజన్ దగ్గరకు వద్దాం. 1863లో భార్య ఎమిలీ చనిపోయింది. అప్పటికి పెద్దకూతురు అమాలియేకు పదిహేడేళ్లు నిండబోతున్నాయి. తండ్రి చూపు మందగిస్తూ వచ్చింది, పైగా విషజ్వరం తగిలి ఇంకా పాడైంది. 1865లో ఆరోగ్యం బాగోలేదని ఉద్యోగం మాన్పించి చిన్న పింఛను ఇచ్చారు. అప్పటికి ఆయనకు 47 ఏళ్లు. పింఛనుతో ఇల్లు గడవదు. చుట్టల తయారీ పెట్టారు, అది సాగలేదు, తర్వాత ద్రాక్షసారా వ్యాపారం చేసి బతికారు. సంఘాల పనికి జీతం తీసుకోవద్దన్న మాట ఆయన తనకూ వర్తింపజేసుకున్నారు.

1866లో అప్పు సంఘాలు ఎలా పెట్టాలి, ఎలా నడపాలి అని ఒక పుస్తకం తెచ్చారు. అది ఊరూరా తిరిగింది. ఆయన బతికుండగానే ఐదుసార్లు అచ్చయింది. ఆ పుస్తకం, వేల ఉత్తరాలు, సంఘాల నియమావళులు కాగితం మీదికి వచ్చింది చాలావరకు అమాలియే చేతితో. ఆయన చెప్పేవారు, ఆవిడ రాసేది. వచ్చిన ఉత్తరాలు చదివి వినిపించేది. తమ్ముళ్లను చెల్లెళ్లను చూసేది, ఇల్లు చూసేది. పెళ్లి చేసుకోలేదు. తండ్రి పోయేదాకా ఇరవై ఏళ్లకు పైగా ఇదే పని. సంఘాల చరిత్రలో పేరు ఆయనది, ఆవిడది ఇంటి కూతురి పని కింద జమ అయింది.

ఈ సంగతి దగ్గర మాకు రైఫైజన్‌తో పేచీ ఉంది. పెద్దలు ఉచితంగా పనిచెయ్యాలని ఆయన అన్నది మంచి ఉద్దేశంతోనే. కానీ ఊరికే చెయ్యగలిగేది ఎవరు? పొలం ఉన్న రైతు, బడి పంతులు, పాస్టరు. రోజుకూలి మనిషి మీటింగుకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. మన ఓబీలు మండలం మీటింగుకు వస్తే బస్సు చార్జీ, పోయిన కూలి లెక్క గట్టి ఇవ్వడం న్యాయమే, అది లాభంలో వంతు కాదు. ఇంక వివోఏ సంగతి. ఆ కాలం లెక్కల మనిషి వారానికి ఒకసారి పెట్టె తెరిచి రాసేవాడు. మన వివోఏ పుస్తకాలు రాస్తుంది, ఫోన్‌లో యాప్ నింపుతుంది, బ్యాంకుకు తిరుగుతుంది, సర్వే వస్తే సర్వే, సభ వస్తే సభ. ఆవిడకు తక్కువ ఇవ్వడానికి రైఫైజన్ పేరు వాడుకోకూడదు. స్థిరంగా ఇవ్వడం వేరు, తక్కువ ఇవ్వడం వేరు. ఆయన చెప్పింది మొదటిది. మంచి జీతం ఇవ్వండి, నెలనెలా ఇవ్వండి, ఎన్ని అప్పులు ఇచ్చారన్న దానితో ముడిపెట్టొద్దు. పుస్తకాలు నెలాఖరుకు సరిచూసి ఉన్నాయా, ఆడిట్‌లో తప్పులు తక్కువ ఉన్నాయా, అన్ని సంఘాల మీటింగులు జరిగాయా అని చూసి అదనంగా ఏదైనా ఇవ్వొచ్చు. ఇది మాత్రం మా మాట, ఆయనది కాదు.

తర్వాతి ఏళ్లలో ఆయన ఊరి సంఘాలకు పైన సమాఖ్యలు కట్టారు. ఒక ఊళ్లో డబ్బు మిగిలితే, మరో ఊళ్లో కొరత ఉంటే సర్దేందుకు 1872లో రైన్ ప్రాంతానికి ఒక బ్యాంకు, 1876లో అన్నింటికీ పైన కేంద్ర అప్పు సంస్థ, 1877లో సంఘాలకు సలహా, తనిఖీ చూసే యూనియన్. 1879 నుంచి పత్రిక నడిపారు. 1881లో ఒక వ్యాపార సంస్థ పెట్టారు, అచ్చుకూటంతో సహా. సంఘాలకు కావాల్సిన ఫారాలు, రిజిస్టర్లు అక్కడే అచ్చయ్యేవి. వచ్చిన లాభం మళ్లీ సంఘాల పనికే పోవాలన్నది ఉద్దేశం.

ఆయనలో ఒక పెద్ద మచ్చ ఉంది, అది దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు. పల్లెల్లో వడ్డీ, పశువుల వ్యాపారం చేసేవారిలో యూదులు చాలామంది ఉండేవారు. చివరి రోజుల రాతల్లో ఆయన వ్యాపారి చేసిన అన్యాయాన్ని ఆ మతం మొత్తానికి అంటగట్టారు. అప్పు ఇచ్చినవాడి తప్పును ఒక కులం మీదో మతం మీదో వేయడం మన ఊళ్లల్లోనూ వినిపించే మాటే, ఎక్కడైనా అది తప్పే.

1888 మార్చి 11న, 70 ఏళ్లు నిండటానికి కొద్ది రోజుల ముందు చనిపోయారు. బాన్ విశ్వవిద్యాలయం ఆ పుట్టినరోజుకు గౌరవ డాక్టరేటు ఇవ్వాలనుకుంది, అందుకోకుండానే వెళ్లిపోయారు. అప్పటికి ఆయన యూనియన్‌లో 400కు పైగా సంఘాలున్నాయి. అమాలియే 1897లో చనిపోయింది.

ఆవిడ పోయిన ఏడాదే మన దగ్గర ఒక పని పూర్తయింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. రైతుల అప్పుల బాధ తీర్చే దారి చూడమని మద్రాసు ప్రభుత్వం ఫ్రెడ్రిక్ నికల్సన్ అనే అధికారిని నియమించింది. ఆయన యూరప్ సంఘాలన్నీ పరిశీలించి 1895లో ఒక సంపుటి, 1897లో రెండోది ఇచ్చారు. ఈ దేశానికి కావాల్సింది రైఫైజన్ లాంటి మనిషేనని తేల్చారు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. పల్లె సంఘాలకు హద్దులేని పూచీ, లాభం నిధిలోకే పోవడం, రెండూ ఆ చట్టంలోకి హెడ్డెస్‌డార్ఫ్ నుంచి వచ్చినవే. తర్వాత ఆ సంఘాల్లోకి ప్రభుత్వం చేయి బాగా దూరింది. సిబ్బంది జీతాలు, నియామకాలు పైనుంచే రావడం మొదలైంది. 1995లో వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టంతో మళ్లీ సభ్యుల చేతికి అధికారం వచ్చింది. మన సమాఖ్యలు చాలావరకు రిజిస్టరు అయింది దాని కిందే. సిబ్బందికి ఎంత ఇవ్వాలి, దేనికి ఇవ్వాలి అన్నది ఇప్పుడు సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి మనమే తేల్చుకోవాలి.

పారితోషికాల తీర్మానం ఈ మహాసభ అజెండాలో ఉంది. ప్రతి గ్రామ సమాఖ్య ఈసీ మీటింగులో ముందుగా చదివించి, వివోఏలను కూడా కూర్చోబెట్టి మాట్లాడి, తమ అభిప్రాయం మినిట్స్ బుక్‌లో రాసుకుని రావాలని కోరుతున్నాం.